రాజుగారి నాలుక కాలిన రోజు

వెనకటికి మణిగిరి అని ఒక రాజ్యం ఉండేది. దాన్ని రిపుమర్దనుడనే రాజు ఏలుతుండేవాడు. ఆయన చెడ్డవాడు కాడు. కాకపోతే తాను చేసిన పనిని మళ్ళీ ఒకసారి చూసుకునే అలవాటు ఆయనకు లేదు. ఈ జబ్బు రాజులకే వస్తుందనుకోకండి. కిరీటం లేనివాళ్ళలోనూ చాలామందికి ఉంది.

ఆ రాజు నగరం నడిబొడ్డున పెద్ద మల్లరంగం కట్టించాడు. ఇరవై వేలమంది కూర్చుని కుస్తీలు చూడవచ్చు. దాని చుట్టూ వెడల్పయిన వీధి, వీధి పొడుగునా అరవై రాతి కొట్లు, కొట్టుకొట్టుకూ చెక్కిన స్తంభాలు. అంతకు ముందు అక్కడ పూటకూళ్ళ ఇళ్ళు, మిఠాయి అంగళ్ళు, గాజులవాళ్ళు, తమలపాకుల బుట్టలు ఉండేవి. వాళ్ళందరినీ లేవగొట్టి, పని పూర్తయ్యాక కొత్త కొట్లలో చోటిస్తామన్నారు.

పని పూర్తయింది. రాజుగారు వీధి మొదట్లో ఒక శాసనం చెక్కించారు. పొగకు స్తంభాలు నల్లబడతాయి కనుక రాజుగారి వంటశాల పొయ్యి తప్ప మరే పొయ్యీ ఆ వీధిలో వెలగకూడదు. తినుబండారాలు ఊరి బయట వండి, మూతలు పెట్టి తేవాలి. మల్లరంగం ఎదుట ఎవరూ చెప్పులతో నడవకూడదు. గొంతెత్తి సరుకు అమ్మకూడదు.

ఇంకేముంది. ఒక్క కొట్టూ తెరుచుకోలేదు. నెలకొక రోజు కుస్తీలు జరిగేవి. జనం వచ్చి, చూసి, ఆకలికి ఆగలేక ఇళ్ళకు పరుగెత్తేవారు. మిగతా రోజుల్లో ఆ వీధిలో కావలి భటులూ పావురాలూ తప్ప ఎవరూ కనబడేవారు కాదు.

ఒకనాడు పొరుగు రాజ్యం నుంచి ఒక కవి వచ్చి మల్లరంగాన్ని మెచ్చుకుంటూ ఎనిమిది పద్యాలు చదివాడు. రాజు మీసం దువ్వుకున్నాడు. కవి చివరి పద్యం ముగించి, చుట్టూ చూసి, "ప్రభూ, ఇక్కడ తినడానికేమైనా దొరుకుతుందా?" అన్నాడు.

రాజుకు తల కొట్టేసినట్టయింది. ఆ సాయంత్రమే సభ పిలిచాడు.

"అరవై కొట్లు కట్టించి ఇస్తే ఒక్కడూ రాడా? మా అతిథి పస్తుతో వెళ్ళిపోతాడా? చైత్ర పౌర్ణమి కుస్తీల నాటికి ఆ వీధి నిండాలి. రాని ప్రతి అంగడివాడి పొయ్యీ, ఊళ్ళో ఎక్కడున్నా సరే, పగలగొట్టించండి."

మంత్రి నాగనామాత్యుడు వెంటనే రాసుకున్నాడు. ఆయనకు రాజు మాట రాసుకోవడమే తెలుసు. ఆలోచించుకోవడం తన ఉద్యోగంలో భాగం కాదనుకునేవాడు.

అప్పుడు సభలో ఒక మూల నుంచి గవరయ్య లేచాడు. ఇతను రాజుగారికి రుచి చూసేవాడు. రాజు తినబోయే ప్రతి వంటకాన్నీ ముందు ఇతను తినాలి. తిన్నాక చిల్లు పెట్టిన రాగిగిన్నెను నీళ్ళ మీద వదులుతారు. అది నిండి మునిగేసరికి ఒక గడియ అవుతుంది. అప్పటికీ గవరయ్య నిటారుగా ఉంటే భోజనం రాజు ముందుకు వెళుతుంది. పద్నాలుగేళ్ళుగా ఇదే అతని కొలువు. మాటకారి కనుక సభలోనూ చోటిచ్చారు.

"ప్రభూ, పొయ్యిలు పగలగొట్టడం తేలికే. కానీ ఊరి బయట ఎప్పుడో వండి మూతపెట్టి తెచ్చిన అట్టును ఎవరు కొంటారు?" అన్నాడు గవరయ్య.

"ఎందుకు కొనరు? ఏదీ, అలాంటిది ఒకటి తెప్పించు."

తెప్పించారు. ఊరి బయట కాల్చిన పెసరట్టు, చల్లారి, బిగిసి, చెప్పు అట్టలా వచ్చింది. గవరయ్య తిన్నాడు. గిన్నె మునిగింది. రాజు తిన్నాడు. గవరయ్య ఆయన మొహం వంకే చూస్తున్నాడు, ఎప్పుడు ఉమ్మేస్తాడా అని.

"బాగానే ఉందే," అన్నాడు రాజు. "రోజూ తినేదానికీ దీనికీ ఏమిటి తేడా?"

సభంతా బాగుందంటే బాగుందంది. రాజు గవరయ్య వైపు తిరిగాడు.

"ఇంతకాలం నా ఉప్పు తిని, ఆ అంగళ్ళవాళ్ళ తరపున మాట్లాడుతున్నావు," అన్నాడు రాజు. "సరే, పూచీ నీదే. పౌర్ణమి నాటికి వీధి నింపు. నింపలేకపోతే వాళ్ళ పొయ్యిలతో పాటు నీ కొలువూ పోతుంది."

మర్నాడు గవరయ్య కుమ్మరి సందుకు వెళ్ళాడు. అక్కడ ఆదెమ్మ అనే పూటకూళ్ళావిడ గోడవార చిన్న పొయ్యి పెట్టుకుని అట్లు పోస్తోంది. మల్లరంగం రాకముందు ఆవిడ ఇల్లు సరిగ్గా రాజుగారి ఆసనం ఉన్నచోటే ఉండేది. ఇప్పుడు ఆవిడకూ, మంచంలో ఉన్న మొగుడికీ ఆ పొయ్యే ఆధారం.

"ఆదెమ్మా, ఆ కొత్త కొట్లో కూర్చోరాదూ? స్తంభాలు బాగున్నాయి," అన్నాడు గవరయ్య.

"పొయ్యి లేకుండా కూర్చుని ఏం చెయ్యమంటావయ్యా, స్తంభాల మీద బొమ్మలకి పేర్లు పెట్టుకోనా? వచ్చినవాడు చెప్పులిప్పి, ఎండలో కాళ్ళు కాల్చుకుని, చల్లటి అట్టు తిని పోతాడా? కాళ్ళకేమో వేడి, నోటికేమో చల్లన. ఎవరికి పుట్టిందయ్యా ఈ బుద్ధి?"

"రాజుగారికి."

"ఆయన మాత్రం వేడివేడిగా తినరా ఏం?"

గవరయ్య చేతిలో అప్పుడే పెనం మీంచి దిగిన పెసరట్టు ఉంది. అల్లప్పచ్చడి పక్కనుంది. ఆవిరి మొహానికి తగులుతోంది. అతను నమలడం ఆపాడు.

పద్నాలుగేళ్ళు. గారెలు, బూరెలు, పొంగలి, అట్లు. పొయ్యి దిగిన ప్రతిదాన్నీ మొదట తిన్నది తను. గిన్నె మునిగాక మిగిలినది తిన్నది రాజు. రాజు పుట్టిన దగ్గర్నుంచీ ఎవరో ఒకరు రుచి చూసేవాడు ఉండనే ఉన్నాడు. ఈ రాజ్యంలో వేడి అన్నం ఎరగని మనిషి ఒక్కడే ఉన్నాడు, ఆయనే శాసనం చెక్కించాడు. సంగతి తెలిసినవాడూ ఒక్కడే ఉన్నాడు, వాడేమో నోరు నింపుకుంటూ ఊరుకున్నాడు.

గవరయ్య మిగిలిన అట్టును పక్కన పెట్టేశాడు. సిగ్గుపడవలసిన చోట సిగ్గుపడటం మంచి లక్షణమే. అయితే అతను సిగ్గుపడి ఊరుకోలేదు.

"ఆదెమ్మా, పౌర్ణమి నాడు నీ పొయ్యి ఎత్తుకుని నాతో రావాలి."

"ఎక్కడికి?"

"నీ పాత ఇంటికి."

"అక్కడ పొయ్యి పెడితే నన్ను కొరత వేస్తారేమో."

"వేస్తే ముందు నన్ను వేస్తారు. ముందు రుచి చూడటం నాకు అలవాటే."

పౌర్ణమి వచ్చింది. మల్లరంగం కిటకిటలాడుతోంది. వీధిలో అరవై కొట్లూ బోసిగానే ఉన్నాయి. మంత్రి భటులకు సమ్మెటలు పంచి, కుస్తీలు ముగియగానే ఊళ్ళోకి పంపడానికి వరుసలో నిలబెట్టాడు.

మధ్యాహ్నం రాజుగారి ఆసనం కింది కొట్లోంచి సన్నగా పొగ లేచింది. పొగ వెనకే వాసన. పెసరపిండి, జీలకర్ర, పచ్చిమిరపకాయ, నెయ్యి. వాసన మెట్టు మెట్టూ ఎక్కుతూ ఇరవై వేలమందినీ పలకరించుకుంటూ పోయింది. గోదాలో పట్టు బిగించిన మల్లుడు ఒక్క క్షణం తల తిప్పాడు. ఆ క్షణంలోనే అవతలివాడు అతన్ని వెల్లకిలా పడేశాడు.

మంత్రి పరుగున కిందికి వచ్చాడు. ఆదెమ్మ పొయ్యి ముందు కూర్చుని ఉంది. గవరయ్య అట్టు తిని మూతి తుడుచుకుంటున్నాడు. పక్కన నీళ్ళ తొట్టిలో రాగిగిన్నె తేలుతోంది.

"ఎవరు వెలిగించారు ఈ పొయ్యి? ఆర్పండి," అన్నాడు మంత్రి.

"మెల్లగా, అమాత్యా. రాజుగారి భోజనానికి రుచి చూడటం మొదలైంది. గిన్నె మునిగేదాకా ఎవరూ అడ్డురాకూడదు, వచ్చినవాడి మీద విషం పెట్టాడన్న అనుమానం పడుతుంది. ఈ నియమం తమరే రాశారు."

తాను రాసినది మంత్రికి బాగా గుర్తుంది. చేసేదిలేక అక్కడే నిలబడి గిన్నె వంక చూడసాగాడు. గిన్నె తాపీగా నిండుతోంది. మంత్రిగారి కడుపులోంచి చిన్న శబ్దం వచ్చింది.

"తమరికీ ఒకటి పొయ్యమంటారా అయ్యా?" అంది ఆదెమ్మ.

"అక్కర్లేదు," అన్నాడు మంత్రి, కొంచెం ఆలస్యంగా.

గిన్నె మునిగింది. గవరయ్య నిటారుగానే ఉన్నాడు. "అదే పిండి, అదే నెయ్యి, అదే చెయ్యి. ఇంకో అట్టు పొయ్యి తల్లీ," అన్నాడు. ఆదెమ్మ అదే పిండితో కొత్త అట్టు పోసింది. గవరయ్య దాన్ని ఆకులో పెట్టుకుని, రెండేసి మెట్లు ఎక్కి, రాజు ముందు పెట్టాడు.

రాజు రోజూ తినేలాగే పెద్ద ముక్క తుంచి నోట్లో వేసుకున్నాడు. కళ్ళు గుండ్రంగా తిరిగాయి. లేచి నిలబడ్డాడు. "విషం. నాలుక మండిపోతోంది. పట్టుకోండి వీణ్ణి."

నాలుగు కత్తులు గవరయ్య మెడ మీద వాలాయి.

"ప్రభూ, అదే పిండి గడియ కిందట నేను తిన్నాను. అది విషం కాదు," అన్నాడు గవరయ్య. "దాన్ని వేడి అంటారు. ఊది తినాలి."

"ఊదడమంటే?"

గవరయ్య కత్తుల మధ్య నుంచే పెదవులు గుండ్రంగా చేసి చూపించాడు. రాజు అనుమానంగా రెండో ముక్క తీసుకుని ఊదాడు. తిన్నాడు. కూర్చున్నాడు. మూడో ముక్క ఊదకుండానే తిన్నాడు. ఆకు ఖాళీ అయింది. పచ్చడి కూడా వేలితో తుడిచాడు. కత్తులు పట్టుకున్న భటులు గుటకలు మింగారు.

"ఇంకొకటి," అన్నాడు రాజు.

"లేదు ప్రభూ."

"ఎందుకు లేదు?"

కింద నుంచి చుయ్యిమని శబ్దం వచ్చింది. ఆదెమ్మ పొయ్యిలో నీళ్ళు పోసేసింది.

"రుచి చూడటం అయిపోయింది, శాసనం మళ్ళీ అమల్లోకి వచ్చింది," అన్నాడు గవరయ్య చేతులు కట్టుకుని. "తమరికి ఇంకో అట్టు కావాలంటే కుమ్మరి సందు నుంచి తెప్పిస్తాను. వచ్చేసరికి చల్లారుతుంది. తమరు రోజూ తినేదే కదా, తేడా ఏముంది?"

రాజు ఆకు వంక చూశాడు. తర్వాత ఖాళీ వీధి వంక చూశాడు. చాలాసేపు చూశాడు. ఆయన తన పనిని రెండోసారి చూసుకోవడం అదే మొదలు.

"నా శాసనాన్ని నేనే చెరిపేస్తే జనం నవ్వరూ?" అన్నాడు లోగొంతుకతో.

"చెరపనక్కర్లేదు. రాజుగారి వంటశాల పొయ్యి తప్ప మరేదీ వెలగకూడదని కదా ఉంది. అమాత్యా, నిరుడు వేటలో ప్రభువులు ఒక గొల్ల ఇంట భోంచేశారు. ఆ పొయ్యికి ఏం చేశారు?"

మంత్రి గొంతు సవరించుకున్నాడు. "రాజు తిన్న వంట వండిన పొయ్యి రాజుగారి వంటశాలలో చేరినట్టే. ముద్ర వేశాం. అది మన రాజ్యపు ఆచారం."

"అంతే ప్రభూ. ఈ వీధిలో అరవై కొట్లున్నాయి. తమరు ప్రతి కొట్లోనూ ఒక్క ముద్ద తినండి. అన్నీ తమ వంటశాలలే అవుతాయి. శాసనం అక్షరం కూడా కదలదు. రాజుగారు తిన్న చోట తినాలని ఊరంతా తోసుకుంటూ వస్తుంది."

రాజు ఒక్క క్షణం గవరయ్యను ఎగాదిగా చూశాడు. తర్వాత బొజ్జ కదిలేలా నవ్వడం మొదలుపెట్టాడు. భటులు కత్తులు దించారు, కింద వరుసలో ఉన్నవాళ్ళు సమ్మెటలు కూడా దించారు.

కబురు అందగానే పాత అంగళ్ళవాళ్ళు పొయ్యిలు నెత్తినెత్తుకుని పరుగెత్తుకొచ్చారు. రాజు తొలి కొట్టుకు బయలుదేరాడు. శాసనం ప్రకారం చెప్పులు విప్పాడు. చైత్రమాసపు మిట్టమధ్యాహ్నం, నల్లరాతి వీధి. ఏడు అడుగులు వేసి ఎనిమిదోది గాల్లోనే ఆపాడు.

"ఈ చెప్పుల నియమం ఎవడు పెట్టాడు?"

మంత్రి నేల చూపులు చూశాడు. "తమరే, ప్రభూ."

రాజు చెప్పులు తెప్పించుకుని తొడుక్కున్నాడు. రాజు తొడుక్కున్నాక ఇంకెవరు విప్పుతారు? గొంతెత్తి అమ్మకూడదన్న నియమం సంగతి ఆ కోలాహలంలో ఎవరికీ గుర్తే రాలేదు.

అరవై కొట్లూ తిరగడానికి రాజుకు తొమ్మిది రోజులు పట్టింది. మల్లుల కోసం వచ్చేవాళ్ళు సరే, కుస్తీలు లేని రోజుల్లో కూడా జనం అట్ల కోసం, గాజుల కోసం, ఊరికే తిరగడం కోసం ఆ వీధికి రాసాగారు. స్తంభాలు కొంచెం నల్లబడ్డాయి. వాటి వంక ఎవరూ చూడలేదు.

పదో రోజున రాజు నిండు సభలో గవరయ్య చేతికి బంగారు కడియం తొడిగాడు.

"ఒక్క మాట అడుగుతాను, నిజం చెప్పు. పద్నాలుగేళ్ళుగా నా వంటల వేడంతా తిన్నది నువ్వేనా?"

"నేనే ప్రభూ. తప్పు నాదే. నోరు నిండుగా ఉండి చెప్పలేకపోయాను."

రాజు మళ్ళీ కడుపు పట్టుకుని నవ్వాడు. "అయితే బహుమానంతో పాటు ఇంకొకటి కూడా పుచ్చుకో. రేపటి నుంచి నువ్వు ఒక్క ముక్కే రుచి చూస్తావు. గిన్నె మునిగాక వేడివేడిగా నాకు పోస్తారు. నీ అట్టు మాత్రం నువ్వు రుచి చూసేటప్పుడే కాల్చి, నేను భోంచేసి లేచేదాకా పక్కన పెడతారు."

మర్నాడు మధ్యాహ్నం గవరయ్య చేతికి కడియంతో, ఒళ్ళో బిగిసిపోయిన పెసరట్టుతో ఆదెమ్మ కొట్టు అరుగు మీద కూర్చున్నాడు. నమిలాడు. ఇంకా నమిలాడు.

"ఎలా ఉందయ్యా?" అంది ఆదెమ్మ, పెనం మీద నీళ్ళు చిలకరిస్తూ.

"రాజభోజనం, తల్లీ," అన్నాడు గవరయ్య.