కట్ట కింద పొంగలి

చింతకోన అడవిలో వాగుకు కొత్త కట్ట వెయ్యాలి. పోయినేడు పాతది తెగి, వరద నేరుగా కుందేలు సూరమ్మ బొరియలోకి వచ్చి పడింది. నలుగురు పిల్లల్లో ఇద్దరే మిగిలారు. ఈసారి పని ఎవరి చేతిలో పెడతారోనని పాపం ఆవిడకు గడ్డిపరక కూడా గొంతు దిగడం లేదు.

అడవిదున్న గట్టిగా రాతికట్ట వేస్తానన్నాడు. పని మాత్రం పంది వరహాలుకు దక్కింది. ఎందుకంటారా? పనులు పంచే గుమస్తా నక్క జంబులయ్య. వరహాలును వెంటబెట్టుకుని పొరుగు అడవి నుంచి కొత్తగా వచ్చాడు. చెయ్యి తడపందే తోక కూడా కదపడు.

పొద చాటున కూర్చున్న సూరమ్మ చెవిలో వాళ్ల మాటలు పడ్డాయి.

“రాళ్లలో సగం నాకు పంపు వరహాలూ, కొత్త గుహ కట్టుకుంటున్నా.”

“మిగతా సగం నేను అమ్ముకుంటే కట్టకేం వెయ్యనండీ?”

“మట్టి లేదూ? పైన పేడతో అలుకు. ప్రెసిడెంటు ఏనుగుకు చూపు ఆనదులే!”

వెళ్లి చెబితే నక్క నోటి ముందు తన మాట నిలుస్తుందా? సూరమ్మ ఆలోచించి, సభ దాకా ఆగింది.

కట్ట పూర్తయింది. సభ పెట్టారు. “వందేళ్లు చెక్కుచెదరదు!” అన్నాడు జంబులయ్య మీసం దువ్వుతూ.

సూరమ్మ చేతులు జోడించింది. “అయ్యగారూ, మా కోన ఆనవాయితీ ప్రకారం కట్ట పొంగలికి మీరూ వరహాలుగారూ కుటుంబాలతో రావాలండీ.”

“పొంగలా! నెయ్యి బాగా వేస్తారా?”

“జీడిపప్పు కూడానండీ.”

“సభాముఖంగా మాటిస్తున్నా. పిల్లాజెల్లాతో వస్తాం!”

“మేమూనూ!” అన్నాడు వరహాలు.

ఏనుగు తొండం ఎత్తింది. “శభాష్! వాగుకు తొలి వరద వచ్చిన రోజున, పని ఇచ్చినవాడూ చేసినవాడూ కట్ట కిందే పొయ్యి పెట్టి వండుకు తినాలి. నీరు తీసేదాకా లేవకూడదు. మాట తప్పితే కోన విడిచిపోవాలి.”

జంబులయ్య తోక జారిపోయింది. “కట్ట... కిందా?”

“వందేళ్ల కట్టేగా అయ్యగారూ!” అంది సూరమ్మ అమాయకంగా.

అంతలో ఉరిమింది. ఇంటికి చేరగానే నక్క పెళ్లాం మొగుడి మీద విరుచుకుపడింది. “నా బిడ్డల్ని ఆ మట్టిముద్ద కింద కూర్చోబెడతావా? నీ మొహం మండ!”

ఇంకేముంది, కోనంతా చూస్తుండగా జంబులయ్య తన కొత్త గుహను తనే ఊడదీశాడు. వరహాలు తను అమ్మిన రాళ్లు బతిమాలి వెనక్కి తెచ్చాడు. ఇద్దరూ కలిసి అడవిదున్న కాళ్లు పట్టుకున్నారు. “బాబ్బాబు, నువ్వే పేర్చాలి!” నడుములు విరిగేలా రాళ్లు మోస్తుంటే, సూరమ్మ గట్టు మీద కూర్చుని హాయిగా గడ్డి నములుతూ, “గుమస్తాగారూ, ఆ మూల రాయి కదులుతోందండీ,” అని పురమాయించింది.

వరద వచ్చింది. కట్టను గుద్దింది, గుద్దింది, చివరికి తోక ముడిచింది. కింద జంబులయ్య పొంగలి ముద్ద పట్టుకుని కట్ట వైపే చూస్తున్నాడు.

“ఇంకాస్త నెయ్యి వెయ్యనా అయ్యగారూ?” అంది సూరమ్మ.

జంబులయ్య విస్తరికి చెయ్యి అడ్డం పెట్టాడు. సూరమ్మ పిల్లలిద్దరూ మాత్రం పొడి బొరియలో ఆదమరిచి నిద్రపోయారు.

నీరు తీశాక ఏనుగు నింపాదిగా అడిగింది. “కట్ట రాళ్లు నీ గుహలోకి ఎలా నడిచొచ్చాయయ్యా?”

నక్కా పందీ మూటాముల్లే సర్దుకుని కోన దాటాయి. మరుసటి పనికి గుమస్తాగా అందరూ సూరమ్మనే కూర్చోబెట్టారు.

నీతి: పనిలో వాటా తినేవాణ్ని ఆ పని కిందే కూర్చోబెట్టండి, తిన్నదంతా తనే కక్కుతాడు.