దాలయ్య గిటారు పాఠం

చెరకుతోటల మధ్య ఒక పశువుల పాక ఉండేది. ముందు గేటు దగ్గర వీరడనే కుక్క కాపలా. వెనక గడ్డివాము, దాన్ని ఆనుకుని కోళ్ల గూడు. ఆ పాకలో దాలయ్య అనే దున్నపోతు కాపురం. నడివయసు దాటింది, బండి పని తగ్గింది. తీరిక చిక్కేసరికి ఎన్నాళ్లుగానో మనసులో దాచుకున్న కోరిక బయటపడింది. అటక మీద దుమ్ముకొట్టుకుపోతున్న పాత గిటారు వాయించాలని.

ఆ మాట వినగానే దూడలు పడీపడీ నవ్వాయి. వాన కురిసినా దున్నపోతు చలించదని లోకం అంటుంది గానీ, ఆ నవ్వు దాలయ్యకు ముల్లులా దిగింది. మేత కూడా సరిగ్గా ముట్టలేదు.

కంచె అవతల సుందరమనే నక్క చెవిన ఈ సంగతి పడింది. మెడకో కండువా చుట్టుకుని వచ్చి, మాంసం మానేశాననీ, ఇక బతుకంతా సంగీతానికేననీ చెప్పుకున్నాడు.

"నీ వయసువాళ్లకి నలుగురిలో పాఠం పనికిరాదు దాలయ్యా. నీ ఒక్కడికే విడిగా చెబుతాను. గడ్డివాము వెనకైతే ఎవరూ చూడరు."

దక్షిణ కూడా వద్దన్నాడు. నక్క వినయం నమ్మొద్దని వీరడు ఎంతో చెప్పి చూశాడు. దాలయ్య వినలేదు. మాస్టారికి తనదే పూచీ అని చెప్పి గేటు తీయించాడు.

యజమాని సంతకెళ్లిన మధ్యాహ్నాల్లో పాఠం సాగేది. తీగలెక్కడ నొక్కాలో కాసేపు చూపించి, ఇక కళ్లు మూసుకుని గట్టిగా వాయించమనేవాడు సుందరం. తాను చాలనేదాకా ఆపకూడదు. కళ్లు తెరిస్తే శ్రుతి చెదురుతుందట. దాలయ్య గిట్ట చీలికతో తీగలు మీటుతూ లోకం మరిచిపోయేవాడు. చివర్లో మాస్టారు మూతి తుడుచుకుంటూ, చెయ్యి తిరిగిందని మెచ్చుకునేవాడు. ఆ మెచ్చుకోలుతో దాలయ్యకు రెండు రోజులు కడుపు నిండేది.

ఒక పొద్దున గూటిలోని కోడి పుల్లమ్మ అతని దగ్గరికొచ్చింది. కళ్లు వాచి ఉన్నాయి. పిల్లలు ఒక్కొక్కటే మాయమైపోతున్నాయని చెప్పింది. అతన్ని తప్పుపట్టడానికి రాలేదు, బతిమాలుకోవడానికి వచ్చింది.

"పాఠం ఉన్న రోజే పోతున్నాయి అన్నా. నీ వాయింపులో నా పిల్లల అరుపు నాకు వినబడటం లేదు. కాస్త మెల్లగా వాయించుకోవూ?"

దాలయ్య నెమరు ఆగిపోయింది. గడ్డి నోట్లోనే ఉండిపోయింది. మూసిన కళ్లు, గట్టిగా మోగే తీగలు, మూతి తుడుచుకునే మాస్టారు, అన్నీ ఒక్కసారి కళ్లముందు తిరిగాయి. తను రాగమనుకున్నది ఆ పసిగుడ్ల అరుపులకు కప్పిన దుప్పటి. గేటు తీయించింది కూడా తనే.  

మళ్లీ పాఠం రోజు వచ్చింది. దాలయ్య ఎప్పటిలాగే గిటారు పట్టి, కళ్లు మూసినట్టే మూసి రెప్పల సందునుంచి చూశాడు. చూస్తుండగానే నక్క తోక గడ్డివాము చుట్టూ తిరిగి గూడు వైపు జారిపోయింది.  అయినా ఆపకుండా కాసేపు వాయించాడు. గూటి తలుపు కిర్రుమంది.

దాలయ్య తీగల మీంచి గిట్ట ఎత్తేశాడు.

పాకంతా ఒక్కసారిగా నిశ్శబ్దమైపోయింది. ఆ నిశ్శబ్దంలో ఒక కోడిపిల్ల కీచుమన్న అరుపు గేటుదాకా వినిపించింది. వెంటనే గూటిలోంచి సుందరం గొంతు కంగారుగా లేచింది.

"ఎందుకాపావు? వాయించు, వాయించు!"

దాలయ్య వాయించలేదు. అప్పటికే వీరడు దూకి వచ్చాడు. గూటికున్నది ఒకే తలుపు. సంగీతం మాస్టారు కండువా, సగం తోక అక్కడే వదిలేసి, పెడబొబ్బలు పెడుతూ చెరకుతోటలో పడ్డాడు. మళ్లీ ఆ కంచె దరిదాపుల్లో కనబడలేదు.

పుల్లమ్మ దక్కిన పిల్లను రెక్కల కిందికి లాక్కుంది. దాలయ్య మాత్రం ఎత్తిన గిట్ట దించలేక అలాగే నిలబడిపోయాడు. ఎదురుగా గిటారు ఉంది. దాన్ని చూడటానికే అతనికి భయమేసింది.

కళ్లు మూసుకో, అంతా నేను చూసుకుంటానన్న గురువు దగ్గర ముందుగా తెరవాల్సింది కళ్లే.