కొంగ వైద్యుడు అడగని మాట

అనగనగా ముళ్లపొదలు దట్టంగా పెరిగిన ఒక అడవి. ఆ అడవిలో, వాగు ఒడ్డున, ధవళుడనే కొంగ వైద్యం చేసేవాడు. అతనికున్న పరికరమల్లా పొడవాటి ముక్కే. దానితోనే గిట్టల్లో దిగిన ముళ్లు లాగేవాడు, చీము తీసేవాడు. ముక్కు గాయంలో ఉన్నంతసేపూ మాట్లాడడం కుదరదు కదా! ఒక జంతువు లేవగానే మరొకటి కాలు చాపేది. అందువల్ల అతనికి మాట్లాడే వేళే దొరికేది కాదు.

ఒకనాడు లవంగి అనే ఆడజింక కుంటుతూ వచ్చింది. ఆ అడవి జింకలు ఎండలు ముదరకముందే కొండమీది పచ్చికకు తరలిపోతాయి. నడవలేనిది కిందనే, చిరుతపులి తిరిగే చోటనే, మిగిలిపోతుంది. లవంగి భయమంతా అదే.

ధవళుడు ముల్లు లాగాడు. అది విరిగి, మొన లోపలే ఉండిపోయింది.

"గిట్ట కాస్త మెత్తబడాక మళ్లీ రా. మొన కూడా తీసేస్తాను" అన్నాడు.

"అయ్యా, నేను కొండ ఎక్కగలనా? రాత్రిళ్లు నాకు..." అని లవంగి మొదలుపెట్టింది. అప్పటికే అతని ముక్కు పక్కనున్న అడవిపంది కాలిలో ఉంది.

"ఏమ్మా, ఇది నీ పుట్టిల్లనుకున్నావా, తీరిగ్గా కబుర్లు చెబుతున్నావు? జరుగు!" అంది పంది.

లవంగి లేచి వెళ్లిపోయింది. నొప్పీ, భయమూ ఆమె వెంటే నడిచాయి.

దారిలో ఒక గుహలోనుంచి కమ్మని వాసన వచ్చింది. అది పరిమళుడనే పునుగుపిల్లి నివాసం.

"రా తల్లీ, కూర్చో. ముఖమంతా వాడిపోయిందే! రాత్రి నిద్రపట్టిందా?" అన్నాడు పరిమళుడు.

లవంగి కళ్లలో నీళ్లు తిరిగాయి. ముల్లు దిగిన నాటినుంచి ఆ మాట అడిగినవారు లేరు. కొండ గురించి, చిరుత గురించి, మంద తనను వదిలి వెళ్లిపోతున్నట్టు వచ్చే కల గురించి అంతా చెప్పుకుంది. అతను ఒక్కసారీ అడ్డుపడకుండా విన్నాడు.

"ముల్లుదేముంది తల్లీ! నీ భయమే గిట్టలో గడ్డకట్టింది. నా పునుగు రాసుకో. పొద్దున్నే సూర్యునివైపు తిరిగి నిలబడు. వచ్చేటప్పుడు నాకు కాసిని ఇప్పపూలు తెచ్చిపెట్టు. ఒక్క మాట! ఆ కొంగ ముక్కు మళ్లీ తగిలిందా, నా మందు పనిచేయదు సుమా!"

"అలాగే బాబాయ్" అంది లవంగి.

పిల్లలూ, లవంగి తెలివితక్కువది కాదు. ఆకు కదలికను బట్టి చిరుత ఎటు పోతోందో చెప్పగలిగినది. మరి ఎందుకు నమ్మింది? నాకు తోచేది ఇది. ఆమెకు నొచ్చినది గిట్ట ఒక్కటే కాదు. గిట్టకు ధవళుడు ఉన్నాడు. భయానికి ఎవరూ లేరు. ఖాళీగా ఉన్న ఆ చోట పరిమళుడు వచ్చి కూర్చున్నాడు.

మొదటిసారి పునుగు రాసుకున్నప్పుడు నిజంగానే నొప్పి తగ్గినట్టనిపించింది. రెండోసారి వెళ్లేసరికి గిట్ట వాచింది. "మంచిదే, భయం బయటికి వస్తోంది" అన్నాడు పరిమళుడు. మూడోసారి కాలు మోపలేకపోయింది. "నీ నమ్మకం చాలలేదు తల్లీ" అన్నాడు. లవంగి తననే తిట్టుకుంది. లోపల గాయం కుళ్లుతున్నా, పునుగు కమ్మదనంలో ఆ వాసన ఎవరికీ తెలియలేదు. "ఎంత సువాసనే నీది!" అని తోటి జింకలు మురిసిపోయాయి.

చివరికి ఒక ఈగ వచ్చి గిట్టమీద వాలింది.

"ఛీ, పో! ఇది పునుగు. నీకిక్కడేం పని?" అంది లవంగి.

"పైన పునుగే అక్కా, నేను కాదన్నానా? నేను వచ్చింది కింద ఉన్నదాని కోసం. మావాళ్లందరినీ పిలుచుకొస్తాను, కాస్త కదలకుండా ఉండు" అంది ఈగ.

లవంగి కుంటుతూ వాగు దగ్గరికి వెళ్లింది. వాగులో దిగి గిట్ట కడిగింది. సువాసన నీటిలో కొట్టుకుపోయింది. అప్పుడు అసలు వాసన ఆమె ముక్కుకు తగిలింది.

ఆమె ధవళుడి దగ్గరికి తిరిగి వెళ్లి, జరిగినదంతా చెప్పింది. అతను మొన తీశాడు. దానితోపాటు కుళ్లిన గిట్టలో సగం కోయవలసి వచ్చింది.

"ఇంత తెలిసినదానివి, ఆ పిల్లి దగ్గరికి ఎందుకు వెళ్లావు?" అని కోపంగా అడిగాడు.

"అతను నన్ను రాత్రి నిద్రపట్టిందా అని అడిగాడయ్యా" అంది లవంగి.

ధవళుడి ముక్కు ఖాళీగానే ఉంది. అయినా అతను మరో కాలు వైపు తిరగలేదు, ఆమె పక్కనే కూర్చున్నాడు.

ఆ ఏడు మంద ఆమెను వదిలి కొండెక్కింది. లవంగి ప్రతి అలికిడికీ ఉలిక్కిపడుతూ వాగు ఒడ్డునే వేసవి గడిపింది. చిరుత జాడ కనబడినప్పుడల్లా ధవళుడు గట్టిగా అరిచి ఆమెను నీళ్లలోకి దింపేవాడు. ఆమె ప్రాణం దక్కింది. కుంటడం మాత్రం పోలేదు.

ఒక ఉదయం అడవిపంది మళ్లీ వచ్చి కాలు చాపింది. "త్వరగా కానివ్వండి, నాకు పనుంది" అంది.

ధవళుడు ముక్కు దించలేదు. "ముందు ఒక మాట చెప్పు. రాత్రి నిద్రపట్టిందా?" అన్నాడు.

పంది తెల్లబోయింది. అటూ ఇటూ చూసింది. లవంగి పక్కకు జరిగి, దానికి కూర్చోవడానికి చోటిచ్చింది.

"లేదయ్యా" అంది పంది, చాలా చిన్న గొంతుతో.

నీతి: తీయని ఓదార్పు గాయాన్ని మాన్పలేదు; అయితే గాయాన్ని మాన్పగలవాడు బాధను వినకపోతే, వినేవారి కోసం వెతుకుతూ రోగి మోసగాడి గుమ్మం తొక్కుతాడు.