కోకిల గీసిన మావిడాకు

రైస్ మిల్లు వెనకాల కానుగ చెట్టు. మూడో కొమ్మ మీద కాకి నూకాలు ఇల్లు. ఇల్లంటే పెద్దగా ఊహించుకోకండి. నాలుగు చీపురు పుల్లలు, రెండు కరెంటు తీగ ముక్కలు, ఎవడిదో తెగిపోయిన చెప్పు పట్టీ. అంతే. అందులో నాలుగు గుడ్లు.

ఆవిడ డ్యూటీ వినండి ఒకసారి. గుడ్లు పొదగాలి. గద్ద వస్తే తరమాలి. పిల్లి ఎక్కితే నెత్తి మీద పొడవాలి. గాలికి గూడు ఊడితే మళ్ళీ కట్టాలి. ఇవి చాలవన్నట్టు పోయినేడాది పుట్టిన ముగ్గురు వెధవలు! ఒక్కొక్కడూ అమ్మకన్నా లావున్నాడు, ఇప్పటికీ నోరు తెరుచుకుని "అమ్మా ఆకలే" అని దిగిపోతారు. మొగుడు అప్పలకొండ మంచోడే పాపం. ఎవడైనా ఒక మాటంటే చాలు గొడవకి రెడీ, ఇంట్లో పని చెప్తే మాత్రం చెవుడు.

మధ్యాహ్నం మిల్లు సైరన్ కొట్టగానే ముగ్గురూ గింజలు ఏరుకోడానికి మిల్లు వాకిట్లోకి పోతారు. అప్పుడు నూకాలుకి సరిగ్గా పది నిమిషాలు ఖాళీ.

పడుకోవచ్చు కదా? పడుకోదు! వేప పుల్ల కొస నమిలి కుంచె చేసుకుంది. నలుపుకి మిల్లు పొయ్యి మసి, పసుపుకి ఎవరిదో గడప మీంచి గోక్కొచ్చిన పసుపు. కూర్చుని గుడ్ల మీద బొమ్మలేస్తుంది. ఒకదాని మీద చుక్కల ముగ్గు. ఒకదాని మీద చేప. ఇంకోదాని మీద మిల్లు గొట్టం, పొగతో సహా. నాలుగోదాని మీద మొగుడి మొహం. అది కొంచెం దరిద్రంగా వచ్చింది, ఒరిజినల్ కూడా అంతే కాబట్టి ఎవరూ ఏం అనలేదు.

పక్క కొమ్మ ఉడుత పైడమ్మకి మాత్రం ఒకటే దురద.

"వొదినా, నీకేటైనా పిచ్చా? పిల్ల బయటికొస్తే పెంకు ముక్కలే కదా. దాని మీద ఇంత చాకిరీ ఎందుకే?"

"చాకిరీ ఇది కాదే. పొద్దున్నించి చేసింది చాకిరీ."

"మరిదేటి?"

"పిల్లలు నా మాట వినరు, మీ అన్న వినడు. ఈ పుల్ల వింటాది. ఇటు తిప్పితే ఇటు, అటు తిప్పితే అటు. ఆ పది నిమిషాలయ్యాక పిల్లి వచ్చినా నవ్వుతూ పొడుస్తాను."

పైడమ్మకి అర్థం కాలేదు. తోక ఊపి వెళ్ళిపోయింది.

ఇప్పుడు అసలు పార్టీ ఎంట్రీ. కోకిల రాగలత. మావిడి తోటలో పెద్ద బిల్డప్పు. నాలుగేళ్ళుగా గుడ్లు పెడుతోంది కానీ ఒక్క పిల్లనీ పెంచలేదు. గూడూ కట్టలేదు. టెక్నిక్ సింపుల్. మొగుడు మోహన్ కాకుల్ని రెచ్చగొట్టి తరిమించుకుంటాడు. ఆ గ్యాప్‌లో ఈవిడ గూట్లో దూరి తన గుడ్డు పెట్టేసి, లెక్క సరిపోవాలని కాకి గుడ్డొకటి కిందకి తోసేసి జంప్. కింద పిల్లి రెడీగా ఉంటుంది.

ఆ రోజు కూడా మోహన్ వచ్చి మొదలెట్టాడు.

"ఏం అప్పలకొండా! అది గూడా, లేక చెత్తబుట్టా? అడ్రస్ కనుక్కుందామని అడుగుతున్నా!"

"ఎవడ్రా నువ్వు!" అప్పలకొండ లేచాడు. మొగుడొక్కణ్ణీ పంపితే ఎక్కడో తన్నులు తింటాడని నూకాలు కూడా లేచింది. ముగ్గురూ మిల్లు చుట్టూ రౌండు.

రాగలత గూట్లో దిగింది. అర నిమిషంలో గుడ్డు పెట్టేసింది. వెనక్కి తిరిగి చూసి ఆగిపోయింది.

నాలుగు గుడ్లు రంగురంగులుగా మెరుస్తున్నాయి. మధ్యలో తనది ఒక్కటే బోసిగా, స్కూల్ ఫంక్షన్‌కి యూనిఫాంలో వచ్చినోడిలా.

"ఛీ! ఇదేం రోగం దీనికి?" అంది రాగలత. కాకికి లెక్కలు రాకపోవచ్చు, కళ్ళున్నాయిగా! వచ్చీరాగానే బోసి గుడ్డు పిల్లి నోట్లోకే.

కుంచె అక్కడే ఉంది. మసీ పసుపూ ఉన్నాయి. రెండు గీతలు పడేస్తే అయిపోతుంది కదా అనుకుంది. ముక్కుతో పుల్ల పట్టుకుంది. మావిడాకు వేద్దామని మొదటి గీత గీసింది.

వంకర.

తుడిచింది. మళ్ళీ గీసింది. ఈసారి ఆకు కాదు, చెప్పులా వచ్చింది. తుడిచింది. మూడోసారి... అబ్బా! కొస దగ్గర సన్నగా వంపు తిరిగి ఎంత బాగా వచ్చిందో!

"అయిందా?" పై నుంచి మోహన్ అరుపు. ఒగరుస్తున్నాడు.

"ఇంకో రౌండు తిప్పు!"

తిప్పాడు. "ఇప్పుడూ?"

"ఈనెలు వెయ్యొద్దా?"

"నా తోక ఈక పీకేశారే!"

"ఒక్కటేగా! బోర్డర్ మిగిలింది, ఉండు!"

మోహన్ దండం పెట్టేశాడు. ఇంక నా వల్ల కాదని మావిడి తోట వైపు పారిపోయాడు. కాకులిద్దరూ వెనక్కి వచ్చారు. అప్పలకొండ పై కొమ్మ మీంచి చూసి మండిపోయాడు.

"మన గూట్లో ఎవత్తో ఉందే! పొడిచేస్తాను!"

నూకాలు అతని రెక్క పట్టుకుంది. "ఆగు."

"ఆగేదేటి? గుడ్డు తోసేస్తాది!"

"ముందు దాని మొహం చూడు. ముక్కు కొస మీద పసుపంటుకున్నా తెలీడం లేదు దానికి. ఆ బోర్డర్ పూర్తి చెయ్యనీ."

కింద రాగలత బోర్డర్ పూర్తి చేసింది. కొంచెం వెనక్కి జరిగి, తల ఇటు వంచి, అటు వంచి చూసుకుంది. తర్వాత పని గుర్తొచ్చింది. ఒక గుడ్డు తొయ్యాలి. అన్నిట్లోకీ దరిద్రంగా ఉన్నది, అదే అప్పలకొండ మొహం, దాని మీద ముక్కు ఆనించింది.

పైన అప్పలకొండ దూకబోయాడు. నూకాలు కూడా రెక్కలు విప్పింది. ఎంతైనా ఆవిడ గుడ్డు. తన అంచనా తప్పితే పిల్ల పోయినట్టే.

రాగలత తొయ్యలేదు. ఆ మొహం మీద కనుబొమ్మ గీత చూసింది. వెంట్రుకంత సన్నం. అది ఎన్నిసార్లు తుడిస్తే వచ్చిందో ఇందాకటి దాకా తెలీదు, ఇప్పుడు తెలుసు. పక్క గుడ్డు చూసింది. ముగ్గులో ఇరవై ఒక్క చుక్కలు, ఒక్కటీ పక్కకి జరగలేదు. దాన్నీ తొయ్యలేకపోయింది.

"పసుపు కొంచెం ఎక్కువ పెట్టావు," అంది వెనక నుంచి నూకాలు.

"కదా? నేనూ అదే అనుకుంటున్నా, ఆ మూల తుడవనా..." అంటూ తిరిగి చూసి రాగలత కెవ్వుమంది.

"దొరికావే దొంగమొహమా!" అప్పలకొండ మావిడాకు గుడ్డుని అంచుకి దొర్లించాడు. కింద పిల్లి లేచి నిలబడింది.

"వద్దు బావా, వద్దు! ఆ ఆకు మూడోసారికి వచ్చింది!" రాగలత రెక్కలు చాపి గుడ్డుకి అడ్డం పడిపోయింది.

"మరి ఇన్నేళ్ళూ ఊళ్ళో గూళ్ళన్నిట్లో పడేసి పోయినవో?" అంది నూకాలు.

రాగలత గుడ్డుని రెక్క కిందకి లాక్కుంది. తల దించుకుని గొణిగింది. "అవి... సరిగ్గా చూడలేదక్కా."

నూకాలు మొగుణ్ణి పక్కకి జరిపింది. "సరే. నీ గుడ్డు నువ్వు పట్టుకుపో."

"ఎక్కడికి? నాకు గూడు లేదు. కట్టడం రాదు."

"పొద్దున్న ఆకు గియ్యడం వచ్చా? ముక్కుంది కదా! పై కొమ్మ ఖాళీ. పుల్లలు మిల్లు వెనకాల బోలెడు. నువ్వు కట్టేదాకా గుడ్డు నా దగ్గరుంటాది, ఈయన పొదుగుతాడు." అని అప్పలకొండని చూపించింది.

"నేనా?" అన్నాడు అప్పలకొండ.

"నువ్వే."

మొదటి గూడు కట్టగానే ఊడిపోయింది. రెండోది పైడమ్మ నెత్తి మీద పడింది. మూడోది నిలబడింది, కాకపోతే పడవ మునుగుతున్నట్టు ఒక పక్కకి ఒరిగి ఉంటుంది. రాగలత అందులోనే కూర్చుని పొదుగుతోంది. ముక్కు అరిగింది. గొంతు పోయింది. నిద్ర లేదు.

వారానికి మోహన్ తోట నుంచి వచ్చాడు. "ఏంటే ఈ అవతారం? పద, అక్కడ నీ పాట కోసం అందరూ వెయిటింగ్!"

"పాడుకోమను ఎవర్నైనా," అంది రాగలత, పుల్ల కొస నములుతూ. "మిల్లు సైరన్ కొట్టారు. నాకున్నది పది నిమిషాలు. గుడ్డు అవతలి వైపు ఇంకా ఖాళీగానే ఉంది."

నీతి: బాధ్యత తప్పించుకు తిరిగేవాళ్ళకి క్లాసులు పీకకండి, ఏదో ఒకటి సొంతంగా తయారు చెయ్యనివ్వండి, వాళ్ళే ఇరుక్కుంటారు.