నూకాలమ్మ మూడో దారం

అనగనగా అంటే మరీ పాత కాలం అనుకుంటారు. అంత పాతదేం కాదు. చేతుల్లోకి ఫోన్లు కొత్తగా వచ్చి, గోడల మీద రాతలు చెరిగిపోతున్న కాలం. సముద్రం ఒడ్డున ఒక ఊరు. ఆ ఊళ్లో బోర్డులు రాసే నూకాలమ్మ.

కొట్టుకి బోర్డు రాసినా, పడవకి పేరు రాసినా ఆమె ముందు దారం కొట్టేది. నూలు దారానికి సుద్ద పూసి, బిగించి పట్టి, లాగి వదిలితే తిన్నటి గీత పడేది. అలా మూడు గీతలు. అక్షరం తలకి ఒక దారం, నడుముకి ఒక దారం, కాళ్లకి ఒక దారం.

"అచ్చరానికి కాళ్లేటి?" అని ఎవరైనా నవ్వితే, "ఒత్తులు. అవి లేకపోతే కుంటిది కాదేటి?" అనేది.

ఫ్లెక్సీలు వచ్చాయి. నూకాలమ్మ కుంచె ఎండిపోయింది. తప్పు యంత్రానిది కాదు. అది ఎవరి చేతిలో ఉందన్నదే ఎప్పుడూ అసలు ప్రశ్న.

ఒక ఏడు, గాలి హెచ్చరిక ఫోన్లకి ఇంగ్లీషులో వచ్చింది. చదవలేక మూడు పడవలు వెళ్లాయి. మూడూ తిరిగి రాలేదు. మరుసటి ఏడు చేపల వేట ఆగిన రోజుల్లో పడవల సంఘం హెచ్చరికలకి తెలుగులో ఒక వెబ్ పేజీ కావాలంది. పట్నం నుంచి ఇంజినీరు వచ్చి కట్టాడు. చూస్తే అక్షరాలకి కాళ్లు తెగిపోయి ఉన్నాయి.

"తెలుగు ఇంతేనండీ. ఇంగ్లీషులో పెట్టుకోండి," అని వెళ్లిపోయాడు.

సంఘం పెద్ద పోలయ్య నూకాలమ్మ ఇంటికి వచ్చాడు. అక్కని ఆ ఊళ్లో అప్పా అంటారు.

"అప్పా, రాతలు నీకు తెలుసు. వేట మొదలవడానికి పది రోజులే ఉంది."

"కంప్యూటరు నాకేటి తెలుసురా? కుంచె ముంచితే పాడైపోద్ది."

"అయితే ఇంగ్లీషులోనే పెట్టీమంటావా?"

నూకాలమ్మ లేచింది. చెప్పులు వేసుకుంది.

సంఘం కంప్యూటర్‌లో వెతికితే పాఠాలు దొరికాయి. పేజీకి రంగు ఎలా వెయ్యాలి, అంచు ఎలా కట్టాలి, వరుస ఎలా పేర్చాలి, అన్నీ తెలుగులో. రాసినవాళ్లు కూలి అడగలేదు. పేరు కూడా పెట్టుకోలేదు.

"ఎవుల్రా వీళ్లు?"

"తెలీదప్పా. ఊరికే రాసేరట."

"ఊరికే ఎవులు రాస్తార్రా!" అంటూనే ఆమె కుర్చీ ముందుకు లాక్కుంది.

దున్నేవాళ్లదే భూమి అయితే, చదివేవాళ్లదే పాఠం. అందుకే చదివింది. మొదటి పాఠం చదివి అక్షరం పెద్దది చేసింది. కాళ్లు రాలేదు. రెండో పాఠం చదివి అక్షరం తీరు మార్చింది. కాళ్లు రాలేదు. మూడో పాఠం తెరిచి, ఏదో తోచినట్టు సంచిలోంచి దారం తీసింది.

"అప్పా, అద్దం మీద సుద్దేటి!"

"నోర్ముయ్. ఆ కొస పట్టుకో."

తెర మీద 'మత్స్యకారులకు హెచ్చరిక' అని ఉంది. ఆ మాట మీద దారం కొట్టారు. తల గీత వరుసలో పడింది. నడుము గీత వరుసలో పడింది. కాళ్ల గీత వరుస దాటి కింద పడింది.

"ఒరే పోలీ! అచ్చరానికి గది చాల్లేదురా. కాళ్లు గడప బయటున్నాయి. బయటున్నవి కనబడవు."

గది ఎత్తు ఎవరు పెట్టారు? పాఠంలో వెతికింది. వరుస ఎత్తు ఒకటీ పాయింట్ రెండు అని ఉంది. ఇంజినీరూ అదే తెచ్చి పెట్టాడు. ఇది ఎవరి అక్షరాల కొలత? పాఠం అడుగున చిన్నగా రాసి ఉంది: కొలతలు ఇంగ్లీషు పాఠం నుంచి తెచ్చినవి.

నూకాలమ్మ తమ పేజీలో ఆ కొలత కొట్టేసి రెండు అని పెట్టింది. కాళ్లు వచ్చాయి. పోలయ్య ఆ మాటని మూడుసార్లు పైకి చదివాడు.

ఆమె అక్కడితో ఊరుకోలేదు. పాఠం కింద 'తప్పుంటే చెప్పండి' అన్న చోట ఒక్కొక్క మీట వెతికి నొక్కుతూ రాసింది. "బాబూ, అమ్మా, మీరెవులో గానీ చల్లగా ఉండండి. తెలుగుకి మూడో దారం వదిలేరు. వరుస ఎత్తు రెండు పెట్టండి. బోర్డుల నూకాలమ్మ."

మర్నాటికి పాఠం మారింది. కింద ఒక మాట ఉంది: "మూడో దారం కొట్టేమమ్మా."

వేట మొదలైన తొమ్మిదో రోజు హెచ్చరిక వచ్చింది. అందరూ చదివారు. ఒక్క పడవా ఒడ్డు కదల్లేదు. గాలి వచ్చింది, ఎవరూ దొరక్క వెళ్లిపోయింది.

నూకాలమ్మ పోయి ఎన్నేళ్లయిందో ఎవరికీ గుర్తు లేదు. కానీ ఇప్పటికీ ఆ పాఠాలతో పేజీ కట్టడం నేర్చుకునేవాళ్లు మొదట 'మత్స్య' అని రాస్తారు. దాని చుట్టూ సన్నటి తెల్ల గీత గీసి చూస్తారు. కాళ్లు గీత లోపల ఉంటేనే గీత చెరిపి ముందుకి వెళతారు. పక్కనున్నవాళ్లు తప్పకుండా అడుగుతారు, "మూడో దారం కొట్టేవా?"

సముద్రం ఎన్నడూ చూడనివాళ్లు కూడా అదే బదులిస్తారు, "కొట్టేనప్పా."