చల్లారిన గుర్రం

పూర్వం సోమరాజు అనే సేనాపతి, పందేల్లో పరిగెత్తించి కాళ్లు పాడుచేసిన గుర్రాలను ఏమీ ఎరగనట్టు పేదవాళ్లకు అంటగట్టేవాడు. ఎంత అన్యాయమో చూడండి! కొనేవాళ్లు వచ్చేలోగా గుర్రాన్ని బాగా తిప్పి ఉంచేవాడు. ఒళ్లు వేడెక్కితే కుంటు బయటపడదు, అదీ కిటుకు.

రాజుగారి వార్తలు మోసే సింగన్న గుర్రం చచ్చిపోయింది. మరోటి కొనకపోతే కొలువు పోతుంది. పొద్దున్నే సేనాపతి దగ్గరికి వచ్చి, అమ్మకానికి ఉంచిన గుర్రం మెడ నిమిరితే చేతికి చెమట తగిలింది. కట్టేసి ఉన్న గుర్రానికి చెమటెందుకు?

"దొరా, దీనిమీద మీరు గెలిచిన పందేల గురించి వినాలనుంది," అన్నాడు.

"వింటావా? అయితే విను!" సేనాపతి మీసం దువ్వి మొదలుపెట్టాడు. పొద్దెక్కింది, గుర్రానికి చెమట ఆరింది, ఆయన కథ మాత్రం ఆగలేదు.

"ఇక నడిపించండి దొరా," అన్నాడు సింగన్న.

గుర్రం అడుగడుక్కీ కుంటింది.

"నిలబెట్టి పాడుచేశావు కదరా! కొని తీరాల్సిందే!"

సింగన్నకు ఒళ్లు మండింది. "నిలబెడితేనే పాడయ్యే గుర్రమా? మరి రాత్రంతా కట్టేశాక పొద్దున రాజుగారి వార్త ఎవరు మోస్తారు? తమరా?"

ముందు నవ్వింది సేనాపతి భటులే. ఆ తర్వాత గుర్రం కోసం ఎవరొచ్చినా, మొదట దొరగారి పందేల కథ చెప్పమని అడిగేవాళ్లు.