మాస్టారి సున్నాలు

మస్తాన్‌వలీ మాస్టారి చెయ్యి బాగుపడకముందే బాగుపడిపోయినట్టు ఆస్పత్రిలో తేలింది. అందులో తప్పంతా శిష్యుడు వీరరాఘవులుదే. ఆ సంగతి తెలిసినవాడు కూడా వీరరాఘవులు ఒక్కడే.

మాస్టారు సైన్‌బోర్డులు రాసే ఆర్టిస్టు. ఫ్లెక్సీలొచ్చి కుంచెలన్నీ మూలపడ్డాక కూడా ఆయన చేతి బోర్డే కావాలని వచ్చేవాళ్లు ఉండేవారు. ఆయన అక్షరానికి అంచు గీస్తారు. లోపల రంగు నింపడం రాఘవులు పని. అంచు ఎక్కడైనా వెంట్రుకవాసి వణికితే తడారకముందే సరిచేసెయ్యడం కూడా. ముప్పై ఏళ్లుగా అదే. సొంతంగా ఒక్క అక్షరం పుట్టించలేదేమయ్యా అని ఎవరైనా అనేలోపు, పుట్టినవాటికి చొక్కాలు తొడిగేది నేనేగా అని తనే ముందు నవ్వేసేవాడు.

మాస్టారికి పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయాక, గుంటూరు ఆస్పత్రికి తిప్పుతున్నదీ రాఘవులే. అక్కడ డాక్టర్ హైమ తలకి అయస్కాంతం పెట్టి వైద్యం చేస్తుంది. ఎనిమిది అంకెలా ఉండే కాయిల్‌ని తలకి ఆనించి, ఇరవై నిమిషాలపాటు సెకనుకో టక్కు చొప్పున కొట్టిస్తుంది. ఆ వెంటనే చేతికి కసరత్తు. అందరికీ గుణమిస్తుందని చెప్పలేననీ, పది రోజులు చూసి ఆపాలో సాగించాలో చెబుతాననీ మొదటిరోజే అంది.

దెబ్బ తిన్నది మెదడులో ఎడమ సగం. ఆవిడ కాయిల్ కుడివైపు పెడుతోంది. రాఘవులు ఊరుకుంటాడా? అమ్మా, గురి తప్పిందేమో చూసుకోండి అన్నాడు.

"గురి సరిగ్గానే ఉందండీ," అంది డాక్టరమ్మ. "దెబ్బతిన్న సగాన్ని బాగున్న సగం పని చెయ్యనివ్వదు. అన్నిటికీ తనే ముందుకొచ్చేస్తుంది. దాన్ని కాసేపు నెమ్మదిగా కూర్చోబెడితే, రెండోది మెల్లగా మొదలుపెట్టుకుంటుంది."

రోజూ ఇంటిదగ్గర కుడిచేత్తో ఇరవై సున్నాలు గీసి తెమ్మంది. మాస్టారు గీశారు. అవి సున్నాల్లా లేవు, వడిలిన వంకాయల్లా ఉన్నాయి. జిల్లా అంతా మెచ్చిన చెయ్యి అది. ఆ వంకాయలు పరాయివాళ్ల కంటపడటం రాఘవులు భరించలేకపోయాడు. మాస్టారు బస్టాండులో టీ తాగుతుంటే ఓ పక్కకెళ్లి, రబ్బరూ పెన్సిలూ తీసి కాస్త సరిచేశాడు. కాస్తే. మర్నాడు ఇంకాస్త. వారం తిరిగేసరికి అవి అచ్చం మాస్టారి పాత సున్నాలైపోయాయి.

పదో రోజు డాక్టరమ్మ కాగితాలన్నీ బల్ల మీద వరసగా పేర్చుకుని సంబరపడింది. పట్టు ఇంకా పూర్తిగా రాకపోయినా, వేళ్లు ఇంతగా మాట వింటున్నాయి కాబట్టి ఇక కాయిల్ ఆపేసి, ఇంటిదగ్గర కసరత్తు చేస్తే చాలంది. రేపట్నుంచి ఈ వేళకి ఇంకో రోగిని రమ్మంటానంది.

మాస్టారి బొటనవేలు మొన్నమొన్ననే కదలడం మొదలుపెట్టింది. చెబితే మాస్టారి పరువు, చెప్పకపోతే మాస్టారి చెయ్యి. ఏది ముందో తేల్చుకోలేక రాఘవులు జేబులో రబ్బరు నలుపుతూ నిలబడ్డాడు.

మాస్టారు ఆ కాగితాలు ఇలా ఇమ్మన్నారు. ఒక్కొక్కటే తిప్పి చూశారు. ముప్పై ఏళ్లు తన అంచుల మీద తిరిగిన చెయ్యి ఆయనకి తెలియకుండా పోతుందా? కుర్చీలోంచి మెల్లగా లేచారు. పట్టుకోబోయిన రాఘవులు భుజాన్ని ఎడమచేత్తో నొక్కి, అదే కుర్చీలో కూర్చోబెట్టారు.

"ఆ కాయిల్ వీడి తలకి ఆనించండమ్మా."

డాక్టరమ్మ కంగారుపడి, ఎవరికిపడితే వాళ్లకి పెట్టేది కాదండీ అది అంది.

"మీట నొక్కొద్దులే తల్లీ. ఊరికే ఆనించండి. అది ఉన్నంతసేపూ కదలకూడదని వీడికి తెలుసు."

పెద్దాయన మాట కాదనలేక ఆవిడ స్టాండు జరిపింది. రాఘవులు మెడ బిగబట్టి కూర్చున్నాడు.

మాస్టారు బల్ల ముందు కూర్చుని, ఎడమచేత్తో పెన్సిలు తీసి కుడిచేతి వేళ్ల మధ్య ఇరికించుకున్నారు. గీత బయల్దేరింది. ఎడమకి పోయి ఆగింది. వణికింది. కిందికి జారి, పైకెక్కే దారి మర్చిపోయినట్టు నిలబడిపోయి, మళ్లీ కదిలింది. అంతా అయ్యేసరికి నాలుగు నిమిషాలు పట్టింది. డాక్టరమ్మ ఆ సున్నా వంకా, బల్ల మీది సున్నాల వంకా, ఆఖర్న రాఘవులు వంకా చూసింది. చీటీ తీసి ఇంకో పది రోజులకి రాసింది.

సున్నా చివర కలవలేదు. బియ్యపుగింజంత సందు మిగిలిపోయింది. కుర్చీలో రాఘవులు కుడిచెయ్యి దానంతట అదే లేచింది.

"ఆ సందు నాదిరా," అన్నారు మాస్టారు, తలెత్తకుండానే.

రాఘవులు చెయ్యి దించి తొడ కింద పెట్టుకున్నాడు. మాస్టారు రెండో సున్నా మొదలుపెట్టారు.